ఆరో తరగతికే అడ్వాన్స్‌డ్!

పెదపాడులో ఒకింట పెద్ద మీటింగు. ఆరో తరగతి పిల్లాణ్ణి మామూలు సెక్షన్‌లో ఉంచాలా, ఐఐటీ ఫౌండేషన్‌లో వెయ్యాలా? తాతయ్య, మేనమామ, ఏలూరు నుంచి బండేసుకొచ్చిన స్కూలు పీఆర్వో, అందరూ హాజరు. పిల్లాణ్ణి పిలవలేదు. వాడికి వీక్లీ టెస్టుందట!

జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసేది ఇంటర్ అయ్యాక. అంటే ఇంకో ఏడేళ్లకు. 16 ఏళ్లు నిండని, పదో తరగతి దాటని పిల్లల్ని కోచింగ్ సెంటర్లు చేర్చుకోకూడదని 2024 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. అందుకేగా, దీన్ని కోచింగ్ అనరు. ఫౌండేషన్ అంటారు. పునాదికి వయసేమిటండీ!

విచిత్రమేమిటంటే, ఆ పిల్లాడి నాన్నగారిది చేపల చెరువు. తవుడు సంచికి చిల్లులు పెట్టి గెడకు కట్టి వదులుతారు. శీలావతైనా బొచ్చైనా ఆకలేసినప్పుడొచ్చి తిన్నంత తిని పోతుంది. మేత ఎక్కువైతే నీళ్లు చెడతాయనీ, తెల్లవారుజామున చేప పైకి తేలి నోరు తెరుస్తుందనీ ఊరందరికీ చెప్పేది ఆయనే. నాలుగు రూపాయల చేపపిల్లకు అంత లెక్క!

కొడుకు పుస్తకాల సంచికి మాత్రం చిల్లుల్లేవు. ఫీజు మొదటి విడత ఆ సాయంత్రమే కట్టేశారు.