పెంటయ్య మునిమనవడికి జర్మనీ పేరు

తిరుమలగిరిలో ఇప్పుడు తొట్టెల ఇక్కడ జరుగుతోంది, బాబు మ్యూనిక్‌లో ఉంటున్నాడు. పూలు చుట్టిన తొట్టెలో ఫోను పడుకోబెట్టి ఊపుతారు. అమ్మలక్కలు ఫోనుకే దిష్టి తీసి, ఫోను చెవిలోనే పేరు చెబుతారు. ఇందులో నాకు పేచీ లేదు. కొడుకూ కోడలూ కడుపు చేత పట్టుకుని పోయారు, ఫోనన్నా దక్కింది. నా తగవంతా ఆ పేరుతోనే.

ఇవాళ పేరుకు సర్కారు టెండరుకున్నన్ని షరతులు. రెండక్షరాలు దాటకూడదు. జర్మన్ల నోట ఇరుక్కోకూడదు. నక్షత్రం చెప్పిన అక్షరంతోనే మొదలవ్వాలి. న్యూమరాలజీలో ఐదు రావాలి. కాలనీలో ఇంకో పిల్లాడికి ఉండకూడదు. పైకి ఫారిన్‌గా కనబడాలి, గీకితే సంస్కృతం రాలాలి. అన్నిటికీ మించి ‘మంచి అర్థం’ ఉండాలి.

మా వీధిలో రిటైరైన పెద్దమనిషి ఒకాయన ఫోనులో జర్మన్ పేర్ల జాబితా వేసుకుని తిరుగుతున్నారు, ఒక్కోదాని పక్కన అర్థంతో సహా. కనబడ్డవాళ్ళకల్లా చూపిస్తారు.

“లియోన్ అంటే సింహం సార్. అంటే మన యాదగిరి నర్సింహస్వామే గదా!”

“అట్లయితే నర్సింహ అనే పెట్టున్రి సార్.”

ఆయన నన్ను పైనుంచి కిందికి ఓసారి చూశారు. “గా పేరు ఆడ ఎవడు పిలుస్తడు సార్?”

లియోన్ అసలు జర్మన్ పేరే కాదు, గ్రీకు సింహం. పోనీ, సింహం సింహమే. నిఖార్సయిన జర్మన్ పేర్ల అర్థాలే కావాలంటే అవీ చూద్దాం.

హెడ్విగ్ అని ఆడపిల్ల పేరు. పాత జర్మన్‌లో ‘హదు’ అంటే యుద్ధం, ‘విగ్’ అన్నా యుద్ధమే. వెరసి పిల్ల పేరు యుద్ధయుద్ధం. గున్‌హిల్డ్‌లో ‘గుండ్’ యుద్ధం, ‘హిల్డ్’ యుద్ధం. మథిల్డె అంటే బలమూ యుద్ధమూ. గెర్ట్రూడ్ అంటే బల్లెమూ బలమూ. బ్రున్‌హిల్డె కవచం తొడుక్కుని మరీ యుద్ధం. ఇవన్నీ ఉయ్యాల్లో బోసినవ్వులు నవ్వే ఆడపిల్లలకు పెట్టినవి! మగపిల్లల సంగతి చెప్పేదేముంది? లుడ్విగ్ పేరుమోసిన యుద్ధం, గుంథర్ యుద్ధసైన్యం, వోల్ఫ్‌గాంగ్ తోడేలు నడక. అంత సంగీతం కట్టిన మోజార్ట్ కూడా బతికినన్నాళ్ళూ తోడేలు నడకే. మా పెద్దమనిషి జాబితాలో మాత్రం హెడ్విగ్ పక్కన ‘ధీర వనిత’ అని ఉంది. అర్థాలు రాసేవాడికి మన బలహీనత తెలుసు.

మనం నవ్వడానికి వీల్లేదు లెండి. తిరు అంటే శ్రీ, మల అంటే కొండ, గిరి అన్నా కొండే. శ్రీకొండకొండలో కాపురాలు చేస్తున్నాం. దొరలొచ్చి దాన్ని ట్రిముల్‌గెర్రీ అని రాసుకున్నారు. ఆ దెబ్బకు కొండలు రెండూ ఎగిరిపోయి, ఏదో కడుపు జబ్బు పేరు మిగిలింది. ఇంగ్లీషు బోర్డుల మీద ఇప్పటికీ ఆ జబ్బే నడుస్తోంది.

ఒకే పేరులో రెండు యుద్ధాలెందుకు దూరాయంటే, పాత జర్మన్లు పేరును అర్థం కోసం కూర్చలేదు. తండ్రి పేరులో ఒక ముక్క, తల్లి పేరులోనో తాత పేరులోనో ఇంకో ముక్క తెచ్చి అతికించేవారు. అతికాక అర్థం వస్తే వచ్చింది, లేకపోతే లేదు. హిల్డెబ్రాండ్ కథ చెప్పే పాత కావ్యం ముక్క ఒకటి తొమ్మిదో శతాబ్దపు రాతప్రతిలో దొరికింది. అందులో తాత హెరిబ్రాండ్, కొడుకు హిల్డెబ్రాండ్, మనవడు హదుబ్రాండ్. తోకలు కలిశాయి గానీ మనసులు కలవలేదు. తండ్రీకొడుకులు కత్తులు దూసి ఒకరి మీదికొకరు వస్తారు.

ఈ అతుకుల విద్య మన దగ్గర ఇప్పుడు కొత్తగా మొదలైంది. ప్రవీణ్, అనూష కలిసి ‘ప్రనూష’ను కంటున్నారు. ఎవరూ ఏ నిఘంటువులోనూ చూడని ఆ పేరు పక్కన ‘లక్ష్మీదేవి’ అని అర్థం వెలుగుతూ ఉంటుంది. ఏ అక్షరాన్ని ఏ అక్షరంతో ముడేసినా అర్థం లక్ష్మీదేవో విష్ణుమూర్తో సూర్యకిరణమో అవుతుంది. నాలుగో అర్థం ఇంతవరకు పుట్టలేదు.

పోనీ అర్థం బాగుంటే మనిషి బాగుపడతాడా? ఫ్రీడ్రిష్ అంటే శాంతితో ఏలేవాడు. ప్రష్యా రాజు రెండో ఫ్రీడ్రిష్ 1740 మే నెలాఖరున గద్దెనెక్కి, ఆ డిసెంబరులోనే సైలీషియా మీద పడ్డాడు. శాంతి ఏడు నెలలు కూడా నిలవలేదు.

అయినా జర్మన్ పేరు కోసం మ్యూనిక్ దాకా పోవడమెందుకు? మన తిరుమలగిరి కంటోన్మెంట్‌లో బూట్లు టకటకలాడించిన ప్రతి విలియమూ విల్‌హెల్మే. హెన్రీ అంటే హైన్‌రిష్, చార్లెస్ అంటే కార్ల్. రాబర్ట్, రిచర్డ్ ఆ పాత జర్మన్ మాటల పిల్లలే. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచి ఈ పేర్లు వెంట తీసుకెళ్ళారు. కొన్ని తరాలు తిరిగేసరికి ఇంగ్లీషువాళ్ళు తాతముత్తాతల పేర్లు అటకెక్కించి, ఏలేవాళ్ళ పేర్లే పిల్లలకు పెట్టుకున్నారు. ఎవరి పాలనలో ఉంటే వాళ్ళ పేరు తీయగా వినబడటం మన ఒక్కరి జబ్బే కాదని ఇక్కడ కాస్త ఊరట.

తిరుమలగిరిలో 1858 నాటి మిలటరీ జైలు ఉంది, విండ్సర్ కోటలా ఉంటుందని దానికి పేరు. ఆ కోట పేరునే 1917లో బ్రిటిష్ రాజకుటుంబం ఇంటిపేరుగా తగిలించుకుంది. అప్పటిదాకా వాళ్ళు సాక్స్-కోబుర్గ్-గోథా వంశం, అచ్చ జర్మన్లు. జర్మనీతో యుద్ధం చేస్తూ ఆ పేరుతో తిరగడానికి మొహం చెల్లలేదు. వాళ్ళ చుట్టాలు బాటెన్‌బెర్గ్‌లు అదే ఊపులో మౌంట్‌బాటెన్‌లయ్యారు. ఆ ఇంటి అబ్బాయే ముప్పై ఏళ్ళకు మనకు ఆఖరి వైస్రాయిగా దిగాడు.

తెలుగువాళ్ళ ఇళ్ళలో జర్మన్ పేర్లు ఇప్పుడే కొత్తగా వచ్చాయనుకోకండి. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు చేరిన నాటి నుంచి ఆ దారి తెరుచుకునే ఉంది. కోస్తాలో మార్టిన్ లూథర్ అన్న పేరుగల తెలుగువాడు ఎవరికీ వింత కాదు. ఎర్రజెండా ఇళ్ళలో కార్ల్ మార్క్స్ ఉంటాడు. ఇక్కడే అసలు తమాషా. లూథర్ పుట్టిన మరునాడు, 1483 నవంబరు 11న, సెయింట్ మార్టిన్ పండగ. ఆ రోజు బాప్తిస్మం ఇచ్చారు గనుక మార్టిన్ అయ్యాడు. మార్టిన్ అంటే మార్స్ దేవుడి మనిషి. మార్స్ అంటే రోమన్ల యుద్ధదేవుడు, మన పంచాంగంలో కుజుడు. మార్క్స్ అన్నది మార్కస్‌కు పొట్టి రూపం, మార్కస్‌నూ పండితులు ఆ కుజుడి గడప దగ్గరికే చేరుస్తారు. గుడిసెలో ప్రార్థన పెట్టినవాళ్ళూ, దేవుడే లేడన్నవాళ్ళూ ఒకే గ్రహానికి పిల్లల్ని అప్పగించారు. ఇక సంబంధాల దగ్గర కుజదోషమని బంగారంలాంటి పిల్లను వద్దనేవాళ్ళు, మనవడికి మార్కస్ అని పెట్టి మిఠాయి పంచుతున్నారు!

కార్ల్ కథ ఇంకా రుచి. ఆ మాటకు అర్థం ప్రభువు కాని మామూలు స్వతంత్రుడు. ఆ పేరుగల షార్లమేన్ చక్రవర్తి అంతవాడయ్యేసరికి, పోలిష్‌లోనూ రష్యన్‌లోనూ రాజు అనే మాటే ఆయన పేరు నుంచి పుట్టింది. మన కామ్రేడ్లు ఆ రెంటిలో ఏ అర్థం చూసుకుని పిల్లాడికి పెట్టారో ప్లీనంలో తేల్చుకోవాలి.

భక్తి ముదిరిన రోజుల్లో జర్మన్లు ఇంకో రకం పేర్లు పెట్టారు. గోట్‌లీబ్ దేవుడి ప్రియుడు, ట్రావ్‌గోట్ దేవుణ్ని నమ్ము, ఫ్యూర్ష్‌టెగోట్ దేవుడికి భయపడు. మా పెద్దమనిషికి వీటిని సిఫారసు చేస్తే మొహం ముడుచుకున్నారు. “గివి మన దేవసాయం, దైవాదీనం లెక్కనే ఉన్నయ్ సార్.” ఉండవా మరి! ఇక్కడ ఆ పేరు పిలిస్తే ఏ వాడ నుంచి వచ్చాడో పోల్చేసుకుంటాం, అక్కడ పిలిస్తే సంస్కారం అనుకుంటాం.

ఇక సంస్కృతం గీకేవాళ్ళ కోసం మాక్స్ ముల్లర్ ఉన్నాడు. ఋగ్వేదం అచ్చువేస్తూ తన పేరును మోక్షమూలర భట్టు అనీ, జర్మనీని శర్మణ్యదేశమనీ రాసుకున్నాడు. ఆయనదో ముచ్చట. మనవాళ్ళు దాన్ని నిజం చేసేసి, జర్మన్లంతా తప్పిపోయిన శర్మలని ఇప్పటికీ ఫోన్లలో పంచుకుంటున్నారు. ఆ ‘మాక్స్’లో మోక్షం చుక్క కూడా లేదు. సంగీతకర్త వెబర్ రాసిన సంగీతనాటకంలో కథానాయకుడు మాక్స్. ఆ వెబరే ఈ ముల్లర్‌కు జ్ఞానపిత. సినిమా హీరో పేరు పెట్టుకోవడమన్న మాట, కాకపోతే 1823లో.

శర్మణ్యదేశానికి ఆర్యన్ అన్న పేరుతో మనవణ్ని పంపే తాతలు ఆ మాట అక్కడ చేసిన కొలువేమిటో కూడా చదువుకుంటే మంచిది. 1938 ఆగస్టులో నాజీ సర్కారు ఒక ఉత్తర్వు తెచ్చింది. యూదులకు తాము ఆమోదించిన జాబితాలోని పేర్లే ఉండాలి. లేనివాళ్ళు 1939 జనవరి 1 నుంచి మగవాళ్ళయితే ఇజ్రాయెల్ అనీ, ఆడవాళ్ళయితే సారా అనీ అదనంగా తగిలించుకుని, సంతకంలోనూ రాయాలి. మన తెలుగు ఇళ్ళలో అమ్మమ్మ ముద్దుగా పిలిచే సారాను అక్కడ మెడకు వేలాడే బిళ్ళ చేశారు. ఆ సర్కారు ప్రచారమంత్రి గోబెల్స్ పేరు జోసెఫ్. శుద్ధ హీబ్రూ. ఊళ్ళో సగంమంది హాన్స్‌లు. హాన్స్ అంటే యోహాన్, అదీ హీబ్రూయే. ఆ పేర్లేవీ జాబితాకెక్కలేదు. వాళ్ళ నాయకుడి పేరు అడోల్ఫ్, అర్థం ‘ఉదాత్తమైన తోడేలు’. అర్థంలో ఏ లోపమూ లేదు. 1945 తర్వాత మాత్రం ఆ పేరు పెట్టే తల్లి జర్మనీలో దాదాపు కరువైంది. మన దగ్గర 1997లో చిరంజీవి సినిమాకు ‘హిట్లర్’ అని పెట్టి, చెల్లెళ్ళను కట్టడిలో పెట్టే అన్నగా చూసి చప్పట్లు కొట్టి వచ్చాం.

ఇప్పటి జర్మనీకి వద్దాం. ఇంట్లో ఒంటరిగా మిగిలిపోయిన కెవిన్ అనే చిన్నపిల్లాడి హాలీవుడ్ సినిమా ఒకటి 1991లో అక్కడ ఆడింది. ఆ ఏడు మగపిల్లల పేర్లలో కెవిన్ మొదటి వరసకెక్కాడు. కెవిన్ ఐరిష్ పేరు, అర్థం సుందరమైన పుట్టుక. పిల్లలు బడికెళ్ళే వయసొచ్చేసరికి ఆ పేరు కూలినాలి ఇళ్ళ గుర్తయి కూర్చుంది. 2009లో ఓల్డెన్‌బుర్గ్ విశ్వవిద్యాలయం ప్రాథమిక పాఠశాల టీచర్లను వాకబు చేస్తే, కెవిన్ అనగానే అల్లరివాడు, చదువురానివాడు అని పిల్లాణ్ని చూడకుండానే లెక్కగట్టేవాళ్ళు ఎక్కువమంది తేలారు. సుందరమైన పుట్టుక ఏమైందో చూశారుగా.

ఆ టీచర్లకు మన ఇంగ్లీషు మీడియం బడుల్లో అక్కచెల్లెళ్ళు చాలామంది ఉన్నారు. హాజరుపట్టీలో మైసయ్య, పోచమ్మ, ఎల్లయ్య అని చదివేటప్పుడు పెదవి చివర ఆ నవ్వు రావడానికి ఏ బీఈడీలోనూ శిక్షణ ఇవ్వరు. ఊరి చివర మైసమ్మ కాపలా ఉంది గనుక మైసయ్య. కొమురెల్లి మల్లన్నకు మొక్కితే పుట్టాడు గనుక మల్లయ్య. ఇక ఏ ఇంటి వంశాన్ని కదిపినా ఎక్కడో ఒకచోట పెంటయ్య తగులుతాడు. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, ఆ తర్వాతి బిడ్డను ఆ తల్లి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ‘వీడు పనికిరానివాడు, నీకెందుకు’ అని చావును నమ్మించడానికి పెట్టిన పేరు అది. తోడేలు నడకకూ యుద్ధయుద్ధానికీ ఇంత పని లేదు. ఆ పెంటయ్య బతికాడు, అందుకే ఇవాళ మ్యూనిక్‌లో మునిమనవడు ఉన్నాడు. ఆ పేరు మాత్రం ఆయన కొడుకు ఉద్యోగంలో చేరిన నాడే ‘పి.’ అనే పొట్టి అక్షరంగా ముడుచుకుపోయింది.

జర్మన్ల నోరు తిరగదని బెంగ పెట్టుకునేవాళ్ళకు ఒక కబురు. భారతీయ మూలాలున్న ఒక కుటుంబం అక్కడ కూతురికి కిరణ్ అని పెడితే, ఆడో మగో తెలియడం లేదని రిజిస్ట్రారు మోకాలడ్డారు. తల్లిదండ్రులు మాక్స్ అనో మియా అనో సర్దుకోలేదు. రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్ళి 2008 డిసెంబరులో గెలుచుకొచ్చారు. నోరు తిప్పుకునే పని జర్మన్లకే మిగిలింది.

కాబట్టి సార్, ఆ జాబితా చెరిపేసి పిల్లాడికి పెంటయ్య అని పెట్టున్రి. మ్యూనిక్‌లో ఎవడైనా నవ్వి అర్థమడిగితే, చెప్పే ముందు వాడి పేరేంటో అడగమనున్రి. ఫ్రీడ్రిష్ అంటే సైలీషియా సంగతి ఎత్తుమనున్రి. వోల్ఫ్‌గాంగ్ అంటే నడిచి చూపించమనున్రి. కెవిన్ అంటే మాత్రం ఏం అనొద్దు, పక్కన కూసోబెట్టుకుని ఒక ఛాయ్ తాగిపియ్యమనున్రి.