వక్కాకు డబ్బా లెక్క

నన్ను పుత్తూరు బజారులో కొనింది ఈ ఇంటాయన తల్లి. ఒక అరలో ఆకు, ఇంకో అరలో వక్క, మూలన సున్నం. అవ్వ పోయినాక ఆకూ వక్కా పోయినాయి గానీ మూలనున్న సున్నం మరక ఎంత గీకినా పోలేదు. ఇప్పుడు దాని మీదనే ఆయన సుగరుకు వేసుకునే మెట్‌ఫార్మిన్ మాత్రలు. అట్ట నాలో పట్టదని ఆయన కత్తెరతో ముక్కలు చేసి సర్దుతాడు.

ఆయనది మరమగ్గం పని. కూలి మీటర్ల లెక్కన. మాత్రలు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక వేసుకోమన్నారు. నెలకు 60. నెలాఖరుకు ఇరవైకి పైనే మిగిలేవి. "ఏమయ్యా, మాత్రేసుకుంటివా?" అని ఆయన భార్య వంటింట్లోంచి అడిగితే, నా మూత టక్కున మూసి "ఆ, ఏసుకుంటి" అనేవాడు. ఆ చప్పుడు నాదే. అబద్ధంలో నాకూ పాలుంది.

మరుపేమీ కాదు. ఆ మాత్రతో మొదట్లో కొందరికి కడుపు చెడుతుంది. నడిచే మగ్గాన్ని వదిలి మాటిమాటికీ బయటికి పోతే మీటర్లెట్లా పడతాయి? పొద్దున మాత్ర అట్ల ఎగిరిపోయింది. సిగ్గుకు ఎవరికీ చెప్పలేదు.

ఇంకొకటుంది, అది ఈ ఊరు నేర్పింది. ఒకసారి మణికట్టు విరిగితే రాచపాళెం పోయి పుత్తూరు కట్టు కట్టించుకున్నాడు. ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ. కట్టు విప్పినారు, చెయ్యి మళ్ళీ మగ్గం మీదికి పోయింది. "విరిగిన ఎముకకే ఇన్ని కట్లని లెక్కుంది. నొప్పే లేని సుగరుకు లెక్క లేదా?" అని నా మూత మీద వేలితో కొట్టేవాడు. ఆయన్ని తప్పు పట్టలేను. ఇక్కడ వైద్యమంటే విప్పే రోజొకటి ఉండేది.

రక్తపరీక్షకు మూడు రోజుల ముందు మాత్రం మహా భక్తి. రెండు పూటలా మాత్ర, సంగటి సగం ముద్దే. పరగడుపు సుగరు బాగానే వచ్చేది. మొన్న డాక్టరమ్మ మూడు నెలల టెస్టు రాసింది. ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుందంట, దానికి అంటిన చక్కెర మూడు రోజుల భక్తికి చెరగదు. 9.8 వచ్చింది.

"మాత్రలు చూపీ" అనింది. నన్ను తెరిచినారు. ముక్కలన్నీ బల్ల మీద పరిచి లెక్కబెట్టింది. తిడుతుందనుకుంటి. "ఏ పూట మానేస్తావు పెద్దాయనా?" అనింది. మానేస్తావా అని కాదు, ఏ పూట అని. బాగుపడిన దేశాల్లో కూడా ఇట్లాంటి మందులు సరిగ్గా వాడేది సగటున సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే రాసిందని కూడా చెప్పింది. అప్పుడు నోరు విప్పినాడు. మగ్గం, కడుపు, సిగ్గు, అన్నీ.

మెల్లగా కరిగే రకం రాసింది. రాత్రి తిన్నాక, విరవకుండా, నమలకుండా మింగాలి. ఇప్పుడు నా చోటు సంగటి పళ్ళెం పక్కన.

ఈ నెల నాలో ఒకటి మిగిలింది. నారాయణవనంలో పెండ్లికి పోతూ నన్ను ఇంట్లోనే మరిచిపోయినాడు.