షెడ్డేనండీ!

నర్సీపట్నం అబీద్ సెంటర్లో ఏ టీకొట్టు దగ్గర నిలబడినా షెడ్డుగారు తగుల్తారు. అసలు పేరు రేషన్ కార్డులో ఉంటుంది, ఊరికి దాంతో పని లేదు. చంకలో ప్లాస్టిక్ ఫైలు, చెవి మీద పెన్ను, నోట్లో జీవో నంబరు. ఊరి బయట జీడితోటలో వారికో రేకుల షెడ్డుంది. అందులో గేదెలుండేవి. లంబసింగి మంచు చూడ్డానికి జనం కార్లేసుకుని ఎగబడ్డం మొదలయ్యాక గేదెల మీద ఆయన అభిప్రాయం మారిపోయింది.

మంచు పడేది కొండ మీద. అదేమో ఏజెన్సీ. అక్కడ గిరిజనేతరుడు సెంటు భూమి కొందామన్నా 1959 నాటి రెగ్యులేషనూ, దానికి 1970లో వచ్చిన సవరణా ఒప్పుకోవు. అంచేత షెడ్డుగారు కొండ కిందే, ముప్ఫై కిలోమీటర్ల ఇవతల, ‘లంబసింగి వ్యూ కాటేజీ’ అని బోర్డు రాయించారు. కిటికీలోంచి కనబడే వ్యూ పక్కవాడి సరుగుడు తోట. చలేదండీ అని గెస్టులు అడుగుతున్నారని ఏసీ బిగించారు.

అనుమతుల విషయంలో ఆయన సిద్ధాంతం ఒక్కటే: కట్టడం జోలికి పోకు, పేరు మార్చు. పంచాయతీ కార్యదర్శి వస్తే అది పశువుల శాల. బ్యాంకు వాళ్లొస్తే జీడిపిక్కల గోడౌను. లైన్‌మన్ వస్తే మోటారు షెడ్డు. హైదరాబాదు నుంచి ఫోనొస్తే వుడెన్ కాటేజీ. వుడ్డంటే లోపల అంటించిన ప్లైవుడ్డు.

“మావా, పంచాయతీలో ప్లాను పెట్టీవచ్చు గదేటి?” అన్నాను ఓసారి.

జాలిగా చూశారు. “2002 రూల్సు సదివేవా? ప్లాను పెట్టాలంటే ముందు ఇది పొలం కాదని నేనే ఒప్పుకోవాల. పొలం కాదంటే రైతు కరెంటు పోద్ది. నాలా కట్టాల.”

వ్యవసాయ భూమిని వేరే పనికి మార్చే 2006 నాటి చట్టమే జనం నోట్లో నాలా. దాన్ని ఎత్తేస్తామని 2025లో ప్రభుత్వం అన్నప్పుడు టీకొట్టంతటికీ ఈయనే టీలు పోయించారు. దాని బదులు ఇంకో రుసుముంటుందని పేపర్లో చదివాక ఆ టీల బాకీ ఇప్పటికీ తీర్చలేదు.

రైతు కరెంటుతో ఇంకో తిరకాసుంది. ఉచితమే గానీ పగలు తొమ్మిది గంటలే. గెస్టులు తెల్లవారకుండా మంచుకి వెళ్లిపోతారు, చీకటి పడ్డాక వస్తారు. ఏసీ మాత్రం పగలంతా ఖాళీ మంచాల్ని చల్లబరుస్తూ ఉంటుంది. ఒక పనికిచ్చిన కరెంటు ఇంకో పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద రెండు రెట్లు వడ్డిస్తారని మనకి చెప్పింది కూడా షెడ్డుగారే. చట్టం మీద ఇంత భక్తి, దాన్ని పాటించేవాళ్లలో నేనెక్కడా చూడలేదు.

ఆయన ఆశంతా బీపీఎస్ మీద. అడ్డంగా కట్టేసినవాటికి జరిమానా కట్టించుకుని సక్రమం చేసే ఆ స్కీము 2015లో వచ్చింది, 2019లో వచ్చింది, తుఫానులా మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుందని నమ్మకం. కాకపోతే అది పట్టణాలకేనని ఆయన లెక్క. అందుకే పన్ను పెరుగుతుందని ఊరంతా మొత్తుకుంటూంటే, మమ్మల్ని మున్సిపాలిటీలో కలపండి మహాప్రభో అని అర్జీ పెట్టిన ఏకైక రైతు ఈయన.

ఈమధ్య హోమ్‌స్టే మీద పడ్డారు. కేంద్ర పర్యాటక శాఖ పథకంలో ఆరు గదుల దాకా ఇవ్వొచ్చుట, ఓనరు మాత్రం ఆ ఇంట్లోనే కాపురముండాలిట. మేడ వదిలి రేకుల కింద పడుకోవడానికి వాళ్లావిడ ససేమిరా అంది. షెడ్డుగారు రెండ్రోజులు ఫైలు తిరగేసి, గేదెనొకదాన్ని తోలుకొచ్చి కాటేజీ గుమ్మానికి కట్టేశారు.

“ఇదేటి మావా?” అన్నాను.

“కాపురం. కార్యదర్శొస్తే శాల, టూరిజమోళ్లొస్తే మా ఇంటి మనిషి.”

గెస్టులు దాంతో సెల్ఫీలు దిగుతున్నారు. దానికి వేరే చార్జీ.