ముగ్గులోకి దిగిన వోల్టులు

మా మేనల్లుడు ఇంజినీరింగు చదువుతున్నాడు కాబట్టి సంక్రాంతి ముగ్గు చేత్తో వేయడం వాడికి నామోషీ. రాస్‌ప్‌బెర్రీ పై, రెండు స్టెప్పర్ మోటార్లు, రెండు ఏ4988 డ్రైవర్ బోర్డులు, ఓ స్కెచ్ పెన్ను కలిపి ముగ్గులేసే యంత్రం కట్టాడు. అది పద్మం మొదలుపెట్టి, ఒక రేకు గీసి, బయల్దేరిన చుక్కను వదిలేసి పక్క చుక్కకి చేరింది. మళ్లీ వేయిస్తే చక్కగా కుదిరింది. మా అక్కని పిలిచి చూపించబోతే మళ్లీ దారి తప్పింది.

"పూర్తిగా చెడిపోయినా బాగుండేది మామయ్యా" అన్నాడు. నిజమే. అప్పుడప్పుడు పనిచేసే యంత్రమే ప్రాణం తీస్తుంది.

లోపం వోల్టేజీది. రాస్‌ప్‌బెర్రీ పిన్ను ఎంత గట్టిగా చెప్పినా 3.3 వోల్టులే. డ్రైవర్ చిప్పుకి 5 వోల్టుల సరఫరా ఇస్తే, అందులో 70 శాతం, అంటే 3.5 దాటితేనే "ఒకటి"గా లెక్క అంటుంది డేటాషీటు. 1.5 లోపుంటే సున్నా. నడుమ ఉన్నదానికి పూచీ లేదు. పెళ్లిచూపులయ్యాక మగపెళ్లివారి పెద్దాయన తల ఊపినట్టు, అవునో కాదో ఎవరికి తోచినట్టు వాళ్లు అనుకోవాలి. మోటార్లు మెల్లగా కదిలినంతసేపూ చిప్పు అవుననే అనుకుంటుంది. అవి కరెంటు లాగి తీగల్లో రొద పుట్టించగానే లెక్క తప్పుతుంది. పదహారో వంతు మైక్రోస్టెప్పింగులో మోటారు ఒక చుట్టు తిరగాలంటే 3,200 పల్సులు. వాటిలో కొన్ని జారాయా, రేకులు కలవవు.

"3.3 వోల్టుల సిగ్నల్‌ని 5కి పెంచే లెవెల్ షిఫ్టర్ పడాల్సిందే" అంటూ కోఠి గుజరాతీ గల్లీకి బండి తీశాడు. మొదట తెచ్చింది మాస్‌ఫెట్ల బోర్డు. అందులో సిగ్నల్‌ని పైకి లాగే బాధ్యత 10 కిలోఓమ్‌ల రెసిస్టరుది. పొడుగు తీగ తగిలిస్తే తాపీగా లాగుతుంది. రెండోది, సిగ్నల్ ఎటు పోతోందో తనే పసిగట్టే చిప్పు. మన పల్సులు డ్రైవర్ వైపే పోతాయి, వెనక్కి రావు. అయినా పొడుగు తీగ చూసి అది తికమకపడింది. మూడోది 74ఏహెచ్‌సీటీ125. ఇది 5 వోల్టుల మీద నడుస్తూనే 2 వోల్టులకే "ఒకటి" అని ఒప్పుకునే మర్యాదస్థురాలు. దాన్ని బిగించే ముందు డేటాషీటు మళ్లీ తిరగేశాడు.

"మామయ్యా, డ్రైవర్ లాజిక్ సరఫరా 3 నుంచి 5.5 దాకా ఎంతైనా ఫర్వాలేదట!"

70 శాతం అన్న పట్టికలోనే, కాస్త పైన ఉందా మాట. 3.3 ఇస్తే హద్దు 2.31కి దిగుతుంది. మోటార్లకిచ్చే 12 వోల్టుల దారి వేరు. రాస్‌ప్‌బెర్రీ మీద 3.3 వోల్టులది ఒకటో పిన్ను, 5 వోల్టులది రెండోది. నడుమ దూరం రెండున్నర మిల్లీమీటర్లు. తీగ ఇటు నుంచి అటు జరిపాడు. రేకులన్నీ కలిశాయి. ఇలాంటి సలహా ఏ షాపులోనూ దొరకదు. ఇస్తే వాళ్లు ఏం అమ్ముకుని బతకాలి?

షిఫ్టర్లు మిగిలిపోయాయి. "అంత డబ్బు పోసి కొన్నవి మూల పడేస్తావా?" అంది అక్క. అంచేత వాడిప్పుడు దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్ఆర్04 సెన్సర్ కొన్నాడు. అది జవాబు 5 వోల్టుల్లో పంపుతుంది, రాస్‌ప్‌బెర్రీ తట్టుకోలేదు కనుక షిఫ్టర్ తప్పదట.

"దేని దూరం కొలుస్తావురా?" అన్నాను.

"అది తర్వాత చూద్దాం మామయ్యా. ముందు వీటికి ఉద్యోగం దొరికింది కదా!"