పని మీది, ఫలం మాది

కంపెనీల్లో ఇప్పుడు పని పవిత్రమైపోయింది. రాత్రి తొమ్మిదిన్నరకు మీటింగ్ పెట్టి మరీ మేనేజరు గారు కర్మయోగం బోధిస్తారు. ఓవర్‌టైమ్ అడిగితే ఫలాపేక్ష, ఆదివారం రానంటే శ్రద్ధాలోపం. ఇంక్రిమెంట్ ఊసెత్తితే ఓ చిరునవ్వు, ధ్యానం యాప్‌కి ఉచిత చందా!

ఆ మీటింగ్ స్లైడుల్లో 12వ శతాబ్దపు శివభక్తుడు బసవన్న కూడా ఉన్నాడండోయ్. ఆయన శరణుల్లో, అంటే తోటి భక్తుల్లో, ఆయ్దక్కి మారయ్యకు రాలిన బియ్యం ఏరుకోవడమే కాయకం, అంటే పూజలా చేసే పని. ఓ రోజు ఎక్కువ తెస్తే భార్య లక్కమ్మ ఊరుకుందా? మిగులు అక్కడే పోసి రమ్మని పంపింది. స్లైడులో మారయ్య వంగి ఏరుతున్నంత వరకే ఉంది. మిగులు సంగతేమిటని అడిగిన కుర్రాడికి అప్రైజల్‌లో ‘ఆధ్యాత్మికత మెరుగుపడాలి’ అని రాశారట.