మా రోజుల్లో కంప్యూటర్‌కి నోరు లేదు

ఈమధ్య కుర్రాళ్ళతో నాకు పడటం లేదు. నాలాగే చూపు లేని పిల్లలు, చురుకైనవాళ్ళు. ఫోన్ మీద వేళ్ళు పరుగులు పెట్టిస్తారు. లాప్‌టాప్‌లో లినక్స్ వేసుకోవాలంటే మాత్రం "ఎవరైనా వచ్చి వేసిపెడితే బాగుండు సార్" అంటారు. మాట్లాడే ఇన్‌స్టాలర్ ఉంది కదరా అంటే, "అంత తంటా ఎందుకు సార్, వీడియో కాల్ చేస్తే ఎవరో ఒకరు తెర చదివి చెబుతారు, లేకపోతే ఫోన్‌లో ఏఐ చదివేస్తుంది" అంటారు. నెట్ లేకపోతే ఏం చేస్తావంటే, నెట్ లేని చోటు ఎక్కడుంది సార్ అని ఎదురు ప్రశ్న. నాకు ఒళ్ళు మండుతుంది. ఒకరి కళ్ళూ, ఒకరి నెట్టూ అడగకుండా ఖాళీ డిస్కు మీద సిస్టమ్ మొత్తం నిలబెట్టుకునే వీలు కోసం మేం ఎన్నేళ్ళు కాచుకు కూర్చున్నామో వీళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు.

మా రోజుల్లో ఆఫ్‌లైన్ అనే మాటే లేదు, ఎందుకంటే అన్నీ ఆఫ్‌లైనే. లినక్స్ అంటే పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చిన సీడీ. 2003 నుంచి లినక్స్ ఫర్ యూ పత్రిక కూడా తోడైంది. అదీ దొరక్కపోతే సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళి, తెలిసినవాళ్ళని బతిమాలి కాపీ చేయించుకోవడం. 2005లో డెబియన్ అనే లినక్స్ రకం 3.1 వచ్చినప్పుడు పూర్తి సెట్టు 14 సీడీలు. డయలప్ మీద ఒక్క సీడీ దించాలన్నా రాత్రీ పగలూ లైను వదలకూడదు, మధ్యలో ఇంటికి ఎవరైనా ఫోన్ చేస్తే అంతా మొదటికొచ్చేది. అలా కూడబెట్టిన సీడీల్లో మాత్రం అన్నీ ఉండేవి. కంపైలర్ నుంచి ఆటల దాకా చేతిలో ఉన్నట్టే.

చేతిలో ఉంటే ఏం లాభం? నాకు చదివి పెట్టేదెవరు?

మా మేనల్లుడు అప్పుడు తొమ్మిదో తరగతి. వాణ్ణి తెర ముందు కూర్చోబెట్టేవాణ్ణి. బయట స్నేహితులు క్రికెట్‌కి పిలుస్తుంటారు, వాడి ప్రాణం అక్కడుంటుంది. "ఏముందిరా తెర మీద?" అంటే, "నీలం రంగులో ఏదో పెట్టె మామయ్యా" అనేవాడు. "అందులో రాసింది చదువు" అంటే, "డిస్కు గురించి ఏదో ఇంగ్లీషులో ఉంది. యెస్ కొట్టేశా." ఆ యెస్‌తో నా పాత పార్టిషన్ తుడిచిపెట్టుకుపోయింది. బడి పిల్లలకి చెప్పడానికి నేను టైపు చేసి పెట్టుకున్న చరిత్ర పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి. వాణ్ణి ఏమనగలను? వాడు పరాయివాడి పని మీద కూర్చున్న చిన్నపిల్లాడు. ఆ ప్రశ్న అడగాల్సింది నన్ను, జవాబు చెప్పాల్సింది నేను. కానీ ఆ ప్రశ్న నా చెవిదాకా రాలేదు.

అప్పటికి విదేశాల్లో దారి లేకపోలేదు. కిర్క్ రైజర్ అనే ఆయన, ఆయనకీ చూపు లేదు, స్పీకప్ అనే, తెర మీది రాత చదివి వినిపించే స్క్రీన్ రీడర్ని లినక్స్ కెర్నల్‌తోనే కలిపి నడిచేలా తయారుచేశాడు. ఈ పిల్లలకి ఇందులో గొప్పేమిటో అర్థం కాదు. మామూలు స్క్రీన్ రీడర్ ఒక ప్రోగ్రాం. సిస్టమ్ పూర్తిగా లేచి కూర్చున్నాక గానీ అది పలకదు. ఈలోపు ఏదైనా తేడా వస్తే మనకి తెలిసేది నిశ్శబ్దమే. స్పీకప్ అలా కాదు, కెర్నల్ లేస్తూనే పలుకుతుంది. అయితే మొదట్లో దానికి సొంత గొంతు లేదు. సీరియల్ పోర్టుకి తగిలించే డెక్‌టాక్, లైట్‌టాక్ లాంటి పెట్టెలుంటేనే మాట వినిపించేది. అవి మన ఊళ్ళలో దొరికేవి కావు, తెప్పించుకుందామన్నా బడిపంతులు జీతానికి అందేవి కావు.

ఆ గొంతు లోటు తీర్చింది ఈస్పీక్. జొనాథన్ డడింగ్టన్ రాసిన చిన్న ప్రోగ్రాం. ధ్వనిని చాలావరకు సూత్రాలతో అక్కడికక్కడే పుట్టిస్తుంది కాబట్టి కొద్దిపాటి జాగాలో ఇమిడిపోతుంది. తెలుగు కూడా పలుకుతుంది. పిల్లలకి ఇది నచ్చదు. "గొంతు గరగరలాడుతోంది సార్, మనిషిలా లేదు" అంటారు. మనిషిలా ఉండే గొంతుల్లో చాలావాటికి ఎక్కడో ఉన్న సర్వర్ కావాలి, దానికి నెట్ కావాలి. డిస్కు మీద ఇంకా ఏమీ లేని కంప్యూటర్లో, చిన్న పెన్‌డ్రైవ్‌లోంచి లేచి, ఎంత వేగం పెంచినా అక్షరం మింగకుండా పలికే గొంతు అది. ఆ గరగర నాకు ఎంత ఇష్టమో వీళ్ళకి చెప్పినా అర్థం కాదు.

ఈ స్పీకప్పూ, ఈ ఈస్పీకూ కలిసి 2013లో డెబియన్ 7 ఇన్‌స్టాలర్లోకి వచ్చేశాయి. చూపు లేనివాళ్ళకి వేరే సీడీ అక్కర్లేదు, అందరూ వాడేదే మనమూ వాడొచ్చు. దీని వెనక సామ్యుయెల్ తిబో అనే ఫ్రెంచి ఆయన చేసిన సేవ చాలా ఉంది. బూట్ మెనూ రాగానే కంప్యూటర్ బీప్ ఇస్తుంది. ఎస్ అక్షరం కొట్టి ఎంటర్ నొక్కితే చాలు. ఇప్పుడైతే అదీ అవసరం లేదు, ఏ మీటా ముట్టకుండా అర నిమిషం ఆగితే తనంతట తనే మాట్లాడటం మొదలుపెడుతుంది.

ఎంత శ్రద్ధగా చేశారో చూడండి. ఈ రోజుల్లో చాలా కంప్యూటర్లలో రెండు మూడు సౌండ్ కార్డులుంటాయి. హెచ్‌డీఎంఐది ఒకటి, స్పీకర్లది ఒకటి. స్పీకర్ లేని మానిటర్‌లోకి మాట పోతే మనకేం వినిపిస్తుంది? అందుకని ఇన్‌స్టాలర్ ఒక్కో కార్డులోంచీ వంతులవారీగా పలుకుతుంది. మాట మన చెవిన పడ్డప్పుడు ఎంటర్ కొడితే ఇక ఆ కార్డునే పట్టుకుంటుంది. ఆ తర్వాత ప్రతి ప్రశ్నకీ జవాబులు అంకెలేసి చదువుతుంది, మనం అంకె కొట్టడమే. సరిగ్గా వినపడకపోతే నంబర్ ప్యాడ్ మీద 8 నొక్కితే ఆ వరుస మళ్ళీ చదువుతుంది, 7 కొడితే పై వరుస, 9 కొడితే కింది వరుస. నెట్ దొరకలేదంటే, ఇప్పుడు నెట్‌వర్క్ పెట్టొద్దు అనే అంకె కొట్టి ముందుకు పోవచ్చు. నెట్ నుంచి ప్యాకేజీలు తెచ్చే మిర్రర్ కావాలా అంటే వద్దనొచ్చు. అలిగి ఆగిపోదు.

డిస్కు దగ్గరికొచ్చేసరికి పేరూ సైజూ చదివి చెబుతుంది, కాబట్టి ఏది హార్డ్ డిస్కో ఏది పెన్‌డ్రైవో సైజుని బట్టి పోల్చుకోవచ్చు. మార్పులన్నీ చదివి వినిపించి, రాసేయమంటారా అని చివరిసారి అడుగుతుంది. ఊరికే ఎంటర్ కొడితే దాని లెక్కలో జవాబు 'నో'. యెస్ కావాలంటే మనమే ఎంచి కొట్టాలి. మా మేనల్లుడు నాకు చదవకుండా దాటేసిన ప్రశ్న అదే. అది మొదటిసారి నా చెవికి నేరుగా వినపడిన రోజున నేను వెంటనే జవాబు చెప్పలేదు. 8 నొక్కి మళ్ళీ మళ్ళీ విన్నాను. పాస్‌వర్డ్ కూడా అంతే. నా పాస్‌వర్డ్ పక్కవాడికి చెప్పి టైపు చేయించాల్సిన ఖర్మ పోయింది. వీడియో కాల్‌లో ఎవరికో తెర చూపించే ఈ పిల్లలకి ఆ మాట తట్టదేం?

ఇప్పటి కంప్యూటర్లు మాత్రం బాగుపడ్డాయా అంటే, మా కోణంలోంచి చూస్తే చాలా చోట్ల చెడిపోయాయి. ఆ బీప్ ఇవ్వడానికి పాత పెట్టెల్లో చిన్న స్పీకర్ ఉండేది. ఇప్పటి సన్నటి లాప్‌టాప్‌లు చాలావాటిలో అది లేదు. నంబర్ ప్యాడ్ లేదు. లాన్ కేబుల్ పెట్టుకునే రంధ్రం లేదు. కొత్త ఇంటెల్ లాప్‌టాప్‌లు చాలావాటిలో అయితే సౌండ్ కార్డుకే వేరే ఫర్మ్‌వేర్ కావాలి. అది లేకపోతే కార్డు లేవదు, కార్డు లేవకపోతే మాట్లాడే ఇన్‌స్టాలర్‌కి మాట పడిపోతుంది. ఇలాంటి ఫర్మ్‌వేర్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదని డెబియన్ వాళ్ళు చాలాకాలం మామూలు ఇమేజ్‌లో పెట్టలేదు. 2022లో ఓటు వేసుకుని సరేననుకున్నారు, 2023లో డెబియన్ 12 నుంచి అందులోనే ఇస్తున్నారు. సిద్ధాంతం మీద పట్టుదల నాకూ ఉంది, కానీ ఈ విషయంలో వాళ్ళు చేసింది నూటికి నూరుపాళ్ళు సబబు. ఇక విండోస్ 11 హోమ్ వచ్చినప్పుడు, మొదటి సెటప్‌లోనే నెట్ పెట్టు, ఖాతా తెరువు అని కూర్చుంది. మనం డబ్బు పెట్టి కొన్న వస్తువు తలుపు తీయడానికి ఎక్కడో ఉన్నవాడి అనుమతి కావాలా?

వీటన్నిటికన్నా నాకు ఎక్కువ కోపం, కంప్యూటర్ లేవగానే ముందు నడిచే బయోస్ మీద. ఇన్‌స్టాలర్ మాట్లాడాలంటే ముందు కంప్యూటర్ పెన్‌డ్రైవ్ నుంచి లేవాలి. దానికి ఎఫ్12 నొక్కాలో, ఎఫ్9 నొక్కాలో కంపెనీకో తీరు. అప్పుడొచ్చే బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ మొదటి వరుసలో ఉందో మూడో వరుసలో ఉందో చెప్పే నాథుడు లేడు. తెర మీద బొమ్మలు, రంగులు, మౌస్ అన్నీ వచ్చాయి గానీ మాట రాలేదు. ఇన్‌స్టాలర్ రాసినవాళ్ళు జీతం లేకుండానే ఇంత చేస్తే, లాప్‌టాప్ అమ్ముకునేవాళ్ళకి ఈ ఒక్క మెనూ పలికించడం చేతకాలేదంటే నేను నమ్మను. అడిగేవాళ్ళు లేక.

పిల్లలూ, మీరు లాప్‌టాప్ కొనబోతుంటే కొట్టువాడి చేతే పెన్‌డ్రైవ్‌ని బూట్ వరుసలో పైకి పెట్టించండి. ఆ మెనూ మీట ఏదో అడిగి బ్రెయిల్‌లో రాసి పెట్టుకోండి. నంబర్ ప్యాడ్ ఉన్న యూఎస్‌బీ కీబోర్డు ఒకటి తీసుకోండి. నెట్ ఉన్న రోజునే డెబియన్ మొదటి డీవీడీ ఇమేజ్ దించుకోండి. నెట్‌ఇన్‌స్ట్ అనే చిన్న ఇమేజ్ దించితే నెట్ లేనప్పుడు ఆజ్ఞలు టైపు చేసే నల్ల తెర దగ్గరే ఆగిపోతారు, డీవీడీ అయితే డెస్క్‌టాప్ దాకా అందులోనే ఉంటుంది. దించాక, ఫైలు చెడిపోకుండా వచ్చిందో లేదో చెప్పే చెక్‌సమ్ సరిచూడందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించకండి.