బాబాయికి మళ్లీ భారం కలిగింది

అనకాపల్లిలో కొత్త బెల్లానికి ఒక సీజనుంది. సంక్రాంతి రోజుల్లో మార్కెట్ యార్డులో ఎటు చూసినా దిమ్మలే. మా బాబాయికి కలిగే భారాలకు మాత్రం సీజనంటూ లేదు. ఏ ఆదివారమైనా కలగొచ్చు. ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగి, గొంతు తగ్గించి, "దేవుడు నాకో భారం పెట్టాడ్రా" అన్నాడంటే, ఇక ఆ పూట మీకు భోజనం మూడింటికే.

ఆయన నాకు సొంత బాబాయి కాడు. సంఘంలో సగం మందికి బాబాయే. ఇలాంటి మనిషి మా ఊరికే ప్రత్యేకం అనుకోకండి. గాజువాకలో ఉంటాడు, గుంటూరులో ఉంటాడు, అమెరికా తెలుగు సంఘాల్లో కోటు వేసుకుని ఉంటాడు. చేతిలో జిప్పు బైబిలు, జేబులో రెండు పెన్నులు, ఫోనులో లెక్కలేనన్ని ప్రార్థన గ్రూపులు. మనిషి మాత్రం బంగారం. అబద్ధమాడడు. ఎవరింట్లో జ్వరమొచ్చినా డాక్టరు కంటే ముందు వెళ్లి ప్రార్థన చేస్తాడు. దేవుడు తనను ఒకానొక పనికోసమే పుట్టించాడని గట్టిగా నమ్ముతాడు. ఆ పని ఏమిటన్నదే మూడు నెలలకోసారి మారుతుంటుంది.

మొదట సంగీత పరిచర్య. కీబోర్డు కొన్నాడు, దానికి కవరు కుట్టించాడు, స్టాండు చేయించాడు, స్టాండుకు ప్రతిష్ఠ ప్రార్థన పెట్టించాడు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలన్నిటికీ కొత్త బాణీలు కడతానన్నాడు. ఎడమచేతి పాఠం మొదలయ్యేసరికి దేవుడు యౌవనస్థుల మీద భారం పెట్టాడు. యౌవనస్థులు ఎదురు ప్రశ్నలు వేసేసరికి వృద్ధుల మీద పెట్టాడు. తర్వాత యూట్యూబు చానలు, దానికి 'ఇంటర్నేషనల్' అని పేరు. దుబాయిలో ఉన్న మేనల్లుడు ఒక్కడే దాన్ని అంతర్జాతీయంగా నిలబెట్టాడు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా అయింది కదా, ఆ వారంలోనే బాబాయి 'జిల్లా అధ్యక్షుడు' అని కార్డులు వేయించాడు. సభ్యులు ఇంకా చేరాల్సి ఉంది.

ప్రతి భారానికీ ముందు ఫ్లెక్సీ పుడుతుంది. అందులో బాబాయి తెల్లచొక్కాతో చెయ్యెత్తి ఉంటాడు, వెనక జలపాతమూ పావురమూ. పని ఆగిపోయినా ఫ్లెక్సీ వృథా కాదు, అది పిన్ని గొప్పతనం. యువజన పరిచర్య వాళ్లింట్లో కట్టెలు తడవకుండా కాపాడుతోంది. వృద్ధుల పరిచర్య స్కూటరు మీద ఉంది.

ఒకసారి గిరిజనుల మధ్య పరిచర్య అన్నాడు. పాడేరు ప్రయాణం. సంఘమంతా నిలబడి కన్నీళ్లతో సాగనంపింది. పాస్టరమ్మ దుప్పటి ఇచ్చింది. బస్సు చోడవరం దాటింది, మాడుగుల చేరింది. ఇక్కడే వచ్చింది చిక్కు. పాడేరు ఘాటు ఎక్కాలంటే మాడుగుల దాటాలి, మాడుగుల దాటాలంటే హల్వా కొట్లు దాటాలి. అది మానవమాత్రుడి వల్ల అయ్యే పని కాదని నేనూ ఒప్పుకుంటాను. నీనెవెకు వెళ్లమంటే యోనా తర్షీషు ఓడెక్కాడు. బాబాయి హల్వా కొట్టు మెట్లెక్కాడు. కొట్టాయనతో మాటలు కలిశాయి. గోధుమపాలు పులియబెట్టడం దగ్గర్నుంచి జీడిపప్పు దాకా విన్నాక, ఈ హల్వా వండేవాళ్ల ఆత్మల సంగతి ఎవరు పట్టించుకుంటున్నారన్న భారం కలిగింది. సాయంత్రం బస్సుకు రెండు కిలోలతో దిగాడు. దుప్పటి మడత విప్పలేదు.

పాస్టరుగారు ఓపికమంతుడు. నేరుగా అనలేక నెహెమ్యా మీద ప్రసంగం పెట్టారు. గోడ కడుతుంటే శత్రువులు మాటలకు రమ్మని నాలుగుసార్లు కబురు పంపినా నెహెమ్యా పని వదిలి రాలేదనీ, అందుకే యెరూషలేము గోడ 52 రోజుల్లో పూర్తయిందనీ బాబాయి వైపే చూస్తూ చెప్పారు. బాబాయి కళ్లు తుడుచుకున్నాడు. పాస్టరుగారు దేవునికి స్తోత్రం చెప్పుకున్నారు. ఆరాధన కాగానే బాబాయి ఆయన చేతులు పట్టుకుని, "గోడ, అయ్యగారూ! మన మందిరానికి ప్రహరీ గోడ!" అన్నాడు. ఇటుకలకు చందాలు మొదలయ్యాయి. ఆ గోడ ఇప్పటికీ మోకాలెత్తునే ఉంది. పిల్లలు దాని మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటారు.

ఆయనకు తెలియదని కాదు, అదే విచిత్రం. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి విశాఖపట్నం వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్‌ల కథ బాబాయి చెప్పినట్టు ఎవరూ చెప్పలేరు. ఎండ, జ్వరాలు, రాని భాష. ఆనందరాయర్ సాయంతో సువార్తలు తెలుగు చేయడానికి కూర్చున్నారు. 1809లో క్రాన్ పోయాడు, 1810లో డెస్ గ్రాంజెస్ పోయాడు. 1812లో సేరంపూర్‌లో మూడు సువార్తలు అచ్చయ్యేనాటికి చూసుకోవడానికి ఇద్దరూ లేరు. ఇక్కడికొచ్చేసరికి బాబాయి గొంతు పూడుకుపోతుంది, మనకీ పూడుకుపోతుంది. ఆ రాత్రే ఆయన నోటుబుక్కు కొన్నాడు, ఏదో ఒక కొండభాషలోకి బైబిలు అనువదించడానికి. మొదటి పేజీలో తన పేరు, రెండో పేజీ నుంచి ముందుమాట. ఏ కొండభాషా తనకు రాదని ముందుమాటలోనే వినయంగా ఒప్పుకున్నాడు.

రిక్ వారెన్ 2002లో రాసిన 'ద పర్పస్ డ్రివెన్ లైఫ్' కూడా ఎవరో ఇచ్చారు. జీవితానికి దేవుడు పెట్టిన ఉద్దేశం తెలుసుకోవడానికి రోజుకో అధ్యాయం చొప్పున 40 రోజులు చదవాల్సిన పుస్తకం. ఏడో రోజుకల్లా దాని మీద సదస్సు పెట్టాలన్న భారం కలిగి చదవడం ఆపేశాడు.

నాకు అర్థమైనంతవరకు ఆయన జబ్బు సోమరితనం కాదు. చెరుకురసం మొదటి పొంగు వచ్చినప్పుడు పెనం చుట్టూ అందరూ చేరతారు, పాకం ముదిరేదాకా పొగలో నిలబడి కలిపేవాడే ఉండడు. బాబాయి ఆ మొదటి పొంగునే దేవుని స్వరం అనుకుంటాడు. రెండో నెల్లో విసుగు పుట్టగానే దేవుడు పక్కకి పిలిచాడనుకుంటాడు. పిన్ని మరోలా చెప్పింది పాస్టరమ్మతో: "ఆయనకి దేవుడు పని చెప్తన్నాడో, చేస్తన్న పని మానెయ్యమంటన్నాడో నాకైతే తెల్డం లేదమ్మా." చెప్పి, పిల్లల పలకలు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. నాకు సండే స్కూలు చెప్పింది ఆవిడే. ఇప్పుడు మావాడికీ ఆవిడే చెబుతోంది. తన పిలుపు గురించి ఎన్నడూ సాక్ష్యం చెప్పలేదు, తీరిక దొరికినట్టు లేదు.

బాబాయి బతుకుతెరువు యార్డులో ఒక బెల్లం కొట్టు గుమాస్తాగిరీ. మునగపాక, కశింకోట రైతులు దిమ్మలు దింపాక ఆయన కోసమే కూర్చుంటారు. ఆయన రాసిన చీటీలో అర కిలో తేడా రాదు, రంగు చూసి రకం చెప్పాడంటే వర్తకుడూ రైతూ ఇద్దరూ తలూపుతారు. దేవుడి పేరెత్తకుండానే ఆయన మాటకు అక్కడ అంత విలువ. ఆయన మాత్రం ఆ కుర్చీలో నిట్టూరుస్తాడు. "ఈ లోకపు లెక్కలు లేకపోతే ఎంత పరిచర్య చేసేవాణ్ణో!"

మొన్న ఉండబట్టలేక అనేశాను. "పౌలు కొరింథులో గుడారాలు కుడుతూనే కదా బాబాయ్ పరిచర్య చేశాడు. నీకు ఈ కుర్చీయే పిలుపేమో, కాస్త ఆలోచించు."

బాబాయి పెన్ను కింద పెట్టాడు. చాలాసేపు మాట్లాడలేదు. నా మాట తగిలినట్టే ఉంది. తర్వాత మెల్లగా నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"టెంటు హౌసురా," అన్నాడు. "మీటింగులకి, పెళ్లిళ్లకి, సమాధి కూటాలకి. అచ్చంగా విశ్వాసుల టెంటు హౌసు. మన జిల్లాలో ఒకటైనా ఉందేట్రా?"

సోమవారం కొట్టుకు సెలవు పెట్టి షామియానాల ధర కనుక్కోవడానికి విశాఖ వెళ్తున్నాడు. ఈసారి ఫ్లెక్సీ మాత్రం వద్దన్నాడు. టెంటు మీదే రాయించేస్తే సరిపోతుందట.